అల్లా మర్జీ అనే ముందు

మన బస్తీల్లో ఏ చావు జరిగినా అందరికంటే ముందొచ్చి కూర్చునే మాట ఒకటుంది. కఫన్ గుడ్డ రాకముందే వస్తుంది, జనాజా లేవకముందే వస్తుంది. 'అల్లా మర్జీ.' కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ మాట అంటుంది. ఆ కొడుకు చావుకు కారణమైనవాడూ అదే మాట అంటాడు. మాట ఒకటే, కాని ఆ రెండూ ఒకటి కావు. తల్లి నోట్లో అది కూలిపోకుండా పట్టుకున్న గుంజ. వాడి నోట్లో అది చేతులు తుడుచుకునే గుడ్డ.

నా తగువు తల్లితో కాదు, ఆ రెండో నోటితో. తల్లి మాటను దొంగిలించి తమ తప్పుల మీద కప్పుకునేవాళ్ళతో. 'దేవుడుంటే మనిషికి ఇన్ని బాధలెందుకు?' అన్న ప్రశ్న పాతది. దానికి పెద్ద పెద్ద పుస్తకాలు రాసిన ఆలిములున్నారు, తత్వవేత్తలున్నారు. మనకి మాత్రం దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. దేవుడి పేరు చెప్పి ఎవరెవరు తప్పించుకుంటున్నారు? మొదటి ప్రశ్నకి జవాబు దొరకదేమో. రెండోదానికి దొరుకుతుంది. దొరికేదాన్ని వదిలేసి దొరకనిదాని చుట్టూ తిరగడమే మన ఉపన్యాసాల పని అయిపోయింది.

ఈ తగువు నేను కొత్తగా తెచ్చింది కాదు. ముస్లిముల చరిత్రలో మొదటి శతాబ్దంలోనే తేలిన తగువు. 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుసేన్‌నీ, ఆయన మనుషుల్నీ చంపేశాక, బతికిన ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూఫా దర్బారుకి తీసుకొచ్చారు. అక్కడి గవర్నరు ఇబ్న్ జియాద్. ఖైదీల్లో ఒక జబ్బుపడ్డ యువకుడు ఉన్నాడు. పేరేమిటని గవర్నరు అడిగాడు. అలీ ఇబ్న్ హుసేన్ అన్నాడు. అలీ ఇబ్న్ హుసేన్‌ని అల్లా చంపెయ్యలేదా అని గవర్నరు మళ్ళీ అడిగాడు. ఆ యువకుడు చెప్పిన జవాబును చరిత్రకారుడు తబరీ రాసిపెట్టాడు. అదే పేరుతో నాకొక అన్న ఉండేవాడు, అతన్ని మనుషులు చంపారు అన్నాడు. కాదు, అల్లాయే చంపాడని గవర్నరు పట్టుబట్టాడు. చావు వేళ ప్రాణం తీసుకునేవాడు అల్లాయేనన్న ఖురాన్ మాటను ఆ యువకుడు గుర్తుచేశాడు. కాని చంపినవాళ్ళు మనుషులన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. గవర్నరుకి కోపమొచ్చి అతన్నీ చంపెయ్యమన్నాడు. మేనత్త జైనబ్ అడ్డంపడి వాటేసుకుంటే బతికాడు.

మన ఊళ్ళల్లో ప్రతి ఏడూ పీర్లు లేపుతాం. హిందువులూ ముస్లిములూ కలిసి లేపుతాం. అలావా చుట్టూ ఆడతాం, ఊదు వేస్తాం, మలీదా పంచుతాం. కాని కూఫా దర్బారులో జరిగిన ఆ నాలుగు మాటల సంభాషణ ఎంతమందికి చెప్పాం? హంతకుడు దేవుడి పేరు చెప్పాడు. బాధితుడు మనుషుల పేరు చెప్పాడు. ఇద్దరూ నమాజు చదివేవాళ్ళే. ఇద్దరిదీ ఒకే ఖురాన్. మరి ఇద్దరిలో ఎవరి దీన్ మనది?

ఉమయ్యా పాలకులకి తఖ్దీర్ బాగా పనికొచ్చింది. మేం గద్దెనెక్కడం అల్లా రాసిన రాత, మమ్మల్ని ప్రశ్నించడం అల్లాని ప్రశ్నించడం అన్నారు. దాన్ని ఎదిరించి, మనిషి చేసే పనికి మనిషే జవాబుదారీ అన్నవాళ్ళకి ఖదరియాలని పేరుపడింది. వాళ్ళలో మొదటివాడుగా చెప్పే మాబద్ అల్ జుహనీని చంపేశారు. తర్వాత ఖలీఫా హిషామ్ కాలంలో గైలాన్ దిమష్ఖీని చంపేశారు. మనుషుల పాపాల్ని దేవుడికి అంటగట్టకండి అంటూ బస్రాకి చెందిన హసన్, ఖలీఫాకి రాసినట్టు చెప్పే ఉత్తరం ఒకటుంది. అది ఆయన రాసిందేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎవరు రాసినా అలాంటి ఉత్తరం రాయాల్సి వచ్చిందన్నది నిజం. 'అంతా అల్లా మర్జీ' అన్నది మొదట్నించీ అమాయకుల మాటగా లేదు. గద్దె మాటగా కూడా ఉంది.

ఇది అరబ్బుల పాతకథ అనుకోవద్దు. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగిపడి 135 మంది చనిపోయారు. మరమ్మతు చేసిన కంపెనీ మేనేజరు ఒకాయన కోర్టులో నిలబడి ఇది భగవంతుడి ఇచ్ఛ అన్నాడు. తుప్పుపట్టిన తీగ సంగతేమిటి? మితిమీరి అమ్మిన టికెట్ల సంగతేమిటి? 2020 ఆగస్టులో రాష్ట్రాలకి ఇవ్వాల్సిన జీఎస్టీ పరిహారం మాట వచ్చినప్పుడు కేంద్ర ఆర్థికమంత్రి కరోనాని దైవఘటన అన్నారు. చూడండి, ఎంత లౌకికమైన విషయం! పన్నుల లెక్క! అక్కడ కూడా దేవుడే బాకీదారు అయ్యాడు. ఇబ్న్ జియాద్ దర్బారు ఇంకా నడుస్తూనే ఉంది. భాష మారింది, మతం మారింది. వాదం మారలేదు.

ఈ విషయంలో మన మౌల్వీసాబుల కంటే సుప్రీంకోర్టు తేటగా ఆలోచించింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ గ్యాస్ వేలమందిని చంపింది. ఏడాది తర్వాత ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకయ్యింది. ఆ కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు దానివల్ల జరిగే హానికి పూర్తి బాధ్యుడు. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళ చట్టంలో ఉన్న మినహాయింపులు వాడికి వర్తించవు. ఆ మినహాయింపుల్లో దైవఘటన ఒకటి. అంటే ఫ్యాక్టరీ యజమానికి దేవుడి చాటున దాక్కునే హక్కు లేదని కోర్టు తేల్చింది. ఈ మాట కోర్టు కంటే ముందు మసీదు మింబర్ మీంచి రావల్సింది. దేవుడి ఇజ్జత్ కాపాడాల్సింది మనం కదా!

మింబర్ మీంచి వచ్చేదేమిటి? అజాబ్. భూకంపం వస్తే అజాబ్, వరద వస్తే అజాబ్. ఆడవాళ్ళు పర్దా వదిలారు కనక, ఇంట్లోకి టీవీ వచ్చింది కనక, కుర్రాళ్ళు ఫజర్ నమాజుకి లేవట్లేదు కనక. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. పధ్నాలుగు దేశాల్లో రెండు లక్షలకి పైగా చనిపోయారు. అందరికంటే ఎక్కువమంది పోయింది ఇండోనేసియాలోని అచె ప్రాంతంలో. నూటికి తొంభై మందికి పైగా ముస్లిములున్న నేల. అక్కడ లాంపూక్ అనే ఊళ్ళో చుట్టూ ఇళ్ళన్నీ కొట్టుకుపోయి మసీదొక్కటే నిలబడింది. ఆ ఫొటో దేశదేశాలూ తిరిగింది. చూశారా కరామత్ అన్నారు. మసీదు నిలబడింది గట్టి స్తంభాల మీద కట్టినందుకు, నీళ్ళు మధ్యలోంచి పారేందుకు దారి ఉన్నందుకు. పేదల ఇళ్ళు అలా కట్టలేదు. అలా కట్టుకునే స్తోమత వాళ్ళకి లేదు. సరే, కరామతే అనుకుందాం. అయితే దాని అర్థమేమిటి? పసిపిల్లల్ని పోనిచ్చి సిమెంటు స్తంభాల్ని కాపాడుకున్నాడనా? ఆయన మీద ప్రేమతో చెబుతున్నామనుకుంటూ ఆయన్ని ఎంత చిన్నవాణ్ణి చేస్తున్నామో ఆలోచించండి.

ఈ జబ్బు మనకొక్కళ్ళకే లేదు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది చనిపోతే, అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నాడు గాంధీ. అంటరానితనం పాపమే, అనుమానం లేదు. కాని ఆ భూకంపంలో అంటరానివాళ్ళు కూడా చచ్చిపోయారు కదా! ప్రకృతి ఉత్పాతానికీ నీతికీ ముడిపెట్టొద్దని టాగూర్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. టాగూర్ మాటే నిలబడాలి. ఎందుకంటే మంచి ఉద్దేశంతో గాంధీ వాడిన కొలబద్దనే చెడ్డ ఉద్దేశంతో ఇంకొకడు వాడతాడు. ఒకడు అంటరానితనం వల్ల అంటాడు, ఇంకొకడు గోమాంసం వల్ల అంటాడు, మూడోవాడు బురఖా లేనందువల్ల అంటాడు. ముగ్గురూ శవాల మీద నిలబడే మాట్లాడతారు.

టాగూర్ చెప్పింది మనకి ఎక్కకపోతే ప్రవక్త చేసింది చూద్దాం. 632లో ప్రవక్త పసికొడుకు ఇబ్రహీం చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ చావుకి ఆకాశం కూడా దుఃఖించిందని జనం చెప్పుకోసాగారు. ఒక మతాన్ని స్థాపిస్తున్న మనిషికి ఇంతకంటే అనుకూలమైన వదంతి ఏముంటుంది? ఊరుకుంటే చాలు, జనమే నమ్మేవాళ్ళు. ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులకి ఎవరి చావుతోనూ ఎవరి పుట్టుకతోనూ గ్రహణం పట్టదని చెప్పేశాడు. బిడ్డ పోయినందుకు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గ్రహణం గ్రహణమే, దుఃఖం దుఃఖమే. రెండింటినీ కలిపి కథ అల్లలేదు. తన ఇంటి చావునే ఆకాశానికి ముడిపెట్టని ప్రవక్త ఉమ్మత్‌లో, ఎదుటివాడి ఇంటి చావులన్నిటికీ పాపాల పద్దు చూపించే ధైర్యం మనకి ఎక్కణ్ణించి వచ్చింది?

మన హైదరాబాద్ సంగతే చూద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఒక్కరోజులో పదిహేనువేల మంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఉర్దూ రుబాయీలకి పేరుపడ్డ అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనీ కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆయన విశ్వాసం వదల్లేదు, తర్వాత జీవితమంతా దేవుడి గురించే రాశాడు. ఆ వరదకి మాత్రం చిన్న ప్రళయమని పేరుపెట్టి నజ్మ్ రాశాడు. అంత పోగొట్టుకున్నవాడు దేవుడితో ఎలా మాట్లాడుకున్నా అది అతని హక్కు. పక్కనున్నవాడికి ఆ హక్కు లేదు.

నవాబు మహబూబ్ అలీఖాన్ మూసీకి హారతిచ్చి శాంతించమని వేడుకున్నాడని కథలుగా చెప్పుకుంటాం. రాజు ప్రజల మతాన్ని గౌరవించాడని మురిసిపోతాం. మురవాల్సిందే. కాని ఆ తర్వాత నగరం మళ్ళీ అలా మునగకుండా చేసింది ఇంకో పని. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. పైన జలాశయాలు కట్టాలని ఆయన చెప్పాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరం నీళ్ళు తాగింది, వరద నుంచి కాస్త ఊపిరి పీల్చుకుంది. దువాకి జవాబు ఏ రూపంలో వచ్చిందని అడిగితే నేను గండిపేట కట్టని చూపిస్తాను. మళ్ళీ ఆ మూసీ ఒడ్డునే, చెరువుల పొట్టలోనే లేఔట్లు వేసి అమ్మినవాళ్ళు 2020 అక్టోబరు వానలకి బస్తీలు మునిగితే ఏమన్నారు? పైవాడి దయ అన్నారు. పైవాడు లేఔట్ వెయ్యలేదు.

మన పండితులు ఈ ప్రశ్నతో తక్కువ కుస్తీ పట్టలేదు. అల్లా న్యాయవంతుడు, అన్యాయం చెయ్యడు కనక పసిపిల్లల బాధకీ, చివరికి జంతువుల బాధకీ కూడా పరలోకంలో పరిహారం ఉండి తీరాలని ముతజిలాలు వాదించారు. వాళ్ళ గురువు జుబ్బాయీకీ, శిష్యుడు అష్‌అరీకీ మధ్య జరిగిందని చెప్పే వాదం మదరసాల్లో ప్రసిద్ధం. ముగ్గురన్నదమ్ములు. ఒకడు పుణ్యాత్ముడై చచ్చాడు, ఒకడు పాపియై చచ్చాడు, ఒకడు పసితనంలోనే పోయాడు. నన్నూ బతకనిస్తే పుణ్యం చేసుకుని పైమెట్టు ఎక్కేవాణ్ణి కదా అని పసివాడు అడుగుతాడు. పెద్దయితే పాపివయ్యేవాడివి, నీ మేలుకోరే ముందే తీసుకున్నానని జవాబొస్తుంది. అప్పుడు నరకంలోంచి పాపి అరుస్తాడు, మరి నన్నెందుకు ముందే తీసుకోలేదని. గురువు దగ్గర జవాబు లేదు. ఈ కథ చెప్పి అష్‌అరీలు ముతజిలాలని ఓడించామనుకున్నారు. నాకైతే ఇందులో ఓడింది ముతజిలాలు కాదు, సంజాయిషీ. దేవుడి తరఫున సంజాయిషీ చెప్పబోయిన ప్రతివాడూ ఎవడో ఒక పాపి అరుపు దగ్గర ఆగిపోవాల్సిందే.

ఇక ఖిజర్ కథ. సూరె కహఫ్‌లో ఉంది. మౌల్వీసాబులకి చాలా ఇష్టం. ఖిజర్ పడవకి చిల్లు పెడతాడు, ఒక కుర్రాణ్ణి చంపుతాడు, కూలిపోతున్న గోడని ఊరికే నిలబెడతాడు. ప్రతిదాని వెనకా మనకి తెలియని మేలుందని చివర్లో తేలుతుంది. కాబట్టి మీ కొడుకు చావు వెనక కూడా ఏదో మేలుందమ్మా, నోరెత్తొద్దు అంటారు. హజ్రత్, కథలో ఇంకొకాయన కూడా ఉన్నాడు కదా! మూసా. అడగనని ఒప్పుకుని వెంట వచ్చినవాడు. అయినా కళ్ళముందు పసివాణ్ణి చంపితే ఊరుకోలేకపోయాడు. ఇదెంత ఘోరం చేశావని నిలదీశాడు. అల్లా స్వయంగా తెలివినిచ్చిన ఖిజర్‌నే నిలదీశాడు. ఆ నిలదీసినందుకు ఆయన ప్రవక్త పదవి పోలేదు. మీకు ఖిజర్ తెలివి లేదు, నాకూ లేదు. భూమ్మీద మనిషికి దక్కింది మూసా పాత్రే. మీరు మాత్రం ఖిజర్ అంగీ తొడుక్కుని మింబరెక్కుతున్నారు.

సబర్ సంగతి కూడా తేల్చుకోవాలి. సబర్ అంటే నోరు మూసుకోవడమని మనకి నేర్పారు. సబర్‌కి మారుపేరైన అయ్యూబ్ ఏం చేశాడు? ఒళ్ళంతా జబ్బుతో, బిడ్డల్ని పోగొట్టుకుని, నన్ను కష్టం చుట్టుముట్టిందని ఎలుగెత్తి మొరపెట్టుకున్నాడు. ఆ మొర పెట్టుకున్నవాణ్ణే అల్లా సహనశీలి అన్నాడు. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ కళ్ళు పోగొట్టుకున్నాడు. ఏడుపు ఈమాన్‌కి తక్కువని ఎవరూ అనలేదు. మొరపెట్టుకోవడం విశ్వాసంలో భాగం. ఇఖ్బాల్ షిక్వా రాసి దేవుడితోనే తగాదా పెట్టుకుంటే కొందరు కాఫిరన్నారు. ఇవాళ అదే షిక్వాని జల్సాల్లో రాగం తీసి చదువుతున్నారు. దేవుడు ఉన్నాడనీ వింటున్నాడనీ నమ్మినవాడే కదా ఆయన మీద ఆయనకే ఫిర్యాదు చేస్తాడు!

సబర్ ఎవరికి చెబుతున్నారో కూడా చూడండి. సేటు ఎప్పుడూ సబర్ చెయ్యడు. నిజామాబాద్ వైపు ముస్లిం బస్తీల్లో ఒళ్ళో చాట పెట్టుకుని పొద్దుణ్ణించి రాత్రిదాకా బీడీలు చుట్టే ఆడవాళ్ళకే సబర్ చెబుతారు. తునికాకు నాసిరకంగా ఇచ్చి, లెక్కలో బీడీలు ఏరిపారేసి కూలి కోస్తే ఖిస్మత్. తంబాకు దుమ్ముతో దగ్గు మొదలై ఊపిరితిత్తులు పాడైతే ఖిస్మత్. ఆ బీడీ కట్ట మీద లాభం తీసుకునేవాడిది మాత్రం ఖిస్మత్ కాదు, వ్యాపార దక్షత! 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో ఏడుస్తున్న పదేళ్ళ పిల్లని ఒక ఎయిర్ హోస్టెస్ గమనించింది. అరవై ఏళ్ళ అరబ్బు ఆ పిల్లని నికా చేసుకుని తీసుకుపోతున్నాడు. ఆ నికా చదివిన ఖాజీ ఒకడున్నాడు, బేరం కుదిర్చిన దలాల్ ఒకడున్నాడు. బస్తీలో మాత్రం పిల్ల నసీబన్నారు. దలాల్ కమిషన్‌ని కూడా అల్లాయే రాశాడా?

దూదేకులవాళ్ళని, మెహతర్లని, ఫకీర్లని ఒకే సఫ్‌లో నిలబెట్టుకుంటాం, నిజమే. సలాం తిప్పాక? పిల్లనివ్వం, పిల్లని చేసుకోం, దస్తర్‌ఖాన్ మీద పక్కన కూర్చోబెట్టుకోం. పుట్టుకే రాత అంటాం. పూర్వజన్మ కర్మ అంటూ మాల మాదిగలని ఊరవతల పెట్టిన బ్రాహ్మణీయ సిద్ధాంతాన్ని తిడతాం. మరి మన తఖ్దీర్ చేస్తున్న పని అదే కదా! వాళ్ళు గత జన్మ మీదికి నెట్టారు, మనం అల్లా మీదికి నెట్టాం. కింద నలిగినవాడికి తేడా ఏముంది?

తఖ్దీర్‌ని నమ్మొద్దని కాదు. ఎలా నమ్మాలో ఖలీఫా ఉమర్ చూపించాడు. 638, 639 ప్రాంతంలో సిరియాలో అమ్వాస్ ప్లేగు వచ్చింది. ఉమర్ అటువైపు ప్రయాణంలో ఉన్నాడు. సర్గ్ అనేచోట సంగతి తెలిసి వెనక్కి తిరిగాడు. అల్లా విధి నుంచి పారిపోతున్నావా అని సేనాని అబూ ఉబైదా అడిగాడు. ఒక విధి నుంచి అల్లా ఇచ్చిన ఇంకో విధిలోకే వెళ్తున్నానన్నాడు ఉమర్. లోయకి ఒకవైపు పచ్చిక, ఒకవైపు బీడు ఉంటే ఒంటెల్ని ఎటు తోలినా అల్లా విధి ప్రకారమే తోలినట్టు కదా అని అడిగాడు. ఇదీ తఖ్దీర్. జబ్బు విధి అయితే మందు కూడా విధే. గోడ కూలడం రాత అయితే గట్టి గోడ కట్టుకోవడం కూడా రాతే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో, ఒకప్పటి నిజాం ఇలాకాలో, పదివేల మంది దాకా చనిపోయింది మట్టితో పేర్చిన బరువైన రాతిగోడల కింద. భూమిని కదలొద్దనలేం. గోడల సంగతి మన చేతిలో ఉంది.

ఉమర్ దారిని 2020లో ఎంతమంది పాటించాం? మసీదులో ఉంటే వైరస్ రాదన్నవాళ్ళు మనలో ఉన్నారు. గోమూత్రం తాగినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. శిక్ష మాత్రం ఒకవైపే పడింది. నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో కరోనా జిహాద్ అని టీవీలు ఊగిపోయాయి. కూరగాయలమ్ముకునే ముస్లిముల బండ్లని వీధుల్లోంచి తరిమారు. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళని బలిపశువుల్ని చేశారంది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు డెబ్బైమంది భారతీయుల మీద చార్జిషీట్లు కొట్టేసింది. ఐదేళ్ళ తర్వాత! ఆ ఐదేళ్ళని అల్లా మర్జీ ఖాతాలో రాయాలా, స్టూడియోల ఖాతాలో రాయాలా?

ఖాతాలు రాయకపోవడం వల్ల మనం ఇప్పటికే చాలా పోగొట్టుకున్నాం. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిముల్ని ఊచకోత కోశారు. తక్కువలో తక్కువ ఇరవై ఏడువేల నుంచి నలభైవేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. రజాకార్లు చేసిన ఘోరాలు నిజం, వాటిని దాచక్కర్లేదు. కాని రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేద ముస్లిములు దానికి ప్రాణాలు చెల్లించారు. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. సర్కారు దాచింది సరే, మనమేం చేశాం? మన గునాహ్‌లకి వచ్చిన అజాబ్ అని పెద్దలు గొణుక్కున్నారు. మూడు తరాలు గొణుగుడులోనే గడిచాయి. అజాబ్ అన్నాక ఇక సాక్ష్యం ఎవరు చెబుతారు?

2007 మే 18, జుమ్మా రోజు. మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. వజూ చేసుకుని అల్లా ఇంట్లో నిలబడ్డ మనుషులు. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళనే పట్టుకుపోయి చితగ్గొట్టారు. వాళ్ళు నిర్దోషులని కోర్టుల్లో తేలింది. వేరేవాళ్ళ మీద పెట్టిన కేసు కూడా 2018 ఏప్రిల్ 16న కొట్టేశారు. అంటే చట్టం లెక్కలో ఆ తొమ్మిదిమందిని ఎవరూ చంపలేదు. ఎవరూ చంపకపోతే ఇక మిగిలింది అల్లాయే కదా! మనం 'అల్లా మర్జీ' అన్న ప్రతిసారీ ఆ ఫైలు మూసెయ్యడానికి మన చెయ్యి కూడా సాయం వేస్తున్నట్టే.

సెక్యులర్ మిత్రులతో కూడా రెండు మాటలు. ప్రతి మారణకాండ తర్వాతా మీలో కొందరు వచ్చి అడుగుతారు, మీ దేవుడేం చేస్తున్నాడని. తెలివైన ప్రశ్నే. కాని కాలిన ఇంటి ముందు నిలబడి అడిగేటప్పుడు అది మాకు ఇంకో దెబ్బలా తగులుతుంది. ఇల్లు కాల్చినవాణ్ణి వదిలి, ఇల్లు కాలినవాడి నమ్మకాన్ని బోనెక్కిస్తున్నారు. దేవుణ్ణి తీసేస్తే లెక్క తేలిపోతుందనుకోకండి. మీకూ మీ తఖ్దీర్లున్నాయి. చర్యకి ప్రతిచర్య అంటారు, చారిత్రక అనివార్యత అంటారు, అభివృద్ధిలో కొందరు నష్టపోక తప్పదంటారు. ఇవన్నీ దేవుడు లేని 'అల్లా మర్జీ'లే. వాటి వెనక కూడా మనుషులే దాక్కుంటారు. నమ్మినా నమ్మకపోయినా, దాక్కున్నవాణ్ణి బయటికి లాగడం దగ్గర మనం కలిసి పనిచెయ్యొచ్చు.

మరి నమ్మినవాడు ఏం చెయ్యాలి? మొదటిది, ఎదుటివాడి బాధకి అర్థం చెప్పడం మానాలి. పరామర్శకి వెళ్ళి పక్కన కూర్చుంటే చాలు. రెండోది, కారణం మనిషైనచోట మనిషి పేరు చెప్పాలి. పోలీసైతే పోలీసని, సేటైతే సేటని, మనవాడైతే మనవాడని. మూడోది, హక్ ఇవ్వాలి. జకాత్ ఖైరాత్ కాదు, పేదవాడి హక్. నమాజు చదువుతూ చిన్న సాయానికి కూడా చెయ్యిరానివాళ్ళని నాశనమని సూరె మావూన్ హెచ్చరిస్తుంది. దేశంలో రిజిస్టరైన వక్ఫ్ ఆస్తులు నాలుగు లక్షల తొంభైవేలనీ, భూమి ఆరు లక్షల ఎకరాలనీ, మార్కెట్ విలువ లక్షా ఇరవైవేల కోట్లనీ 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఏడాదికి వచ్చే ఆదాయం నూట అరవైమూడు కోట్లు! సర్కారు కబ్జాలు ఎన్నో, మన ముతవల్లీల కబ్జాలూ అన్ని. 2025లో వక్ఫ్ చట్టం మార్చినప్పుడు రోడ్డెక్కాం. ఎక్కాల్సిందే. కాని వితంతువుకి దక్కాల్సిన ఆ భూమిని సొంత మనుషులు మింగుతున్నప్పుడు ఎందుకెక్కలేదు?

నాలుగోది, బాధని పంచుకోవడం. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల్ని నరికినప్పుడు మన మసీదుల్లో ఎన్నిచోట్ల దువా చేశారు? మన బాధకి అల్లాని అడుగుతూ, వాళ్ళ బాధ వాళ్ళ ఖర్మ అనుకుంటే మనం అడిగే హక్కే పోతుంది.

ప్రవక్త చెప్పిన ఒక మాట హదీసుల్లో ఉంది. ఖయామత్ రోజున అల్లా మనిషిని అడుగుతాడట, నేను జబ్బుపడితే చూడ్డానికి రాలేదేమని, ఆకలేస్తే అన్నం పెట్టలేదేమని. నీకు జబ్బేమిటి, ఆకలేమిటని మనిషి విస్తుపోతాడు. ఫలానా మనిషి జబ్బుతో ఉన్నప్పుడు వెళ్ళివుంటే నన్ను అక్కడే చూసివుండేవాడివని అల్లా అంటాడు. బాధలో దేవుడెక్కడున్నాడన్న ప్రశ్నకి నా మతంలో నాకు దొరికిన జవాబు ఇదొక్కటే. బాధ ఎందుకని ఇది చెప్పదు. బాధపడేవాడి పక్కన నువ్వు ఎందుకు లేవని అడుగుతుంది. ప్రశ్న అడగబోయిన మనమే ఇక్కడ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఖయామత్ దాకా ఆగకుండా ఇప్పుడే చెప్పుకుంటే మంచిది.